ఒక్క అబద్ధం తప్ప

ఆసుపత్రి లాండ్రీలో ఆమెని అందరూ టపాకాయ అనేవాళ్ళు. ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు. వెనక అంటున్నారని ఆమెకి తెలుసు, తెలిసినందుకు లోపల కాస్త గర్వం కూడా. మనిషి చూస్తే పిడికెడు. నోరు విప్పిందంటే బాయిలరు మోత కూడా అణిగిపోవాల్సిందే. ఆ నోరే లేకపోతే లోకం తనని ఎప్పుడో నమిలి మింగేసేదని ఆమె గట్టి నమ్మకం. కాదనడానికి మనమెవరం?

ఆమె కుడిచేతికి మూడు వేళ్ళు లేవు. ఆ సంగతి ముందు చెప్పుకోవాలి.

లాండ్రీలో ఓ పెద్ద రోలరు ఉంది. ఇటువైపు ఇద్దరు నిలబడి తడి దుప్పటి అంచులు అందిస్తే, అటువైపు ఇస్త్రీ అయిపోయి ఆవిర్లు కక్కుతూ బయటికొస్తుంది. రోలరు ముందు ఓ ఇనప కడ్డీ. చెయ్యి తగిలిందా, మిషను ఠక్కున ఆగుతుంది. బాగానే ఉంది. కానీ దుప్పటి మడత తగిలినా ఆగుతుంది, ఊరికే ఆగుతుంది, పని మాత్రం కొండలా పేరుకుపోతుంది. అందుకని లాండ్రీ వాళ్ళు చిరిగిన దుప్పటి పేలికతో కడ్డీని వెనక్కి కట్టేసేవాళ్ళు. సూపర్వైజరమ్మ చెప్పుల చప్పుడు వినిపిస్తే విప్పేసేవాళ్ళు. అది తప్పని అందరికీ తెలుసు. ఆ తప్పుకీ ఓ నీతి పెట్టుకున్నారు: కడ్డీ కట్టినవాళ్ళు పక్కమనిషికి "కట్టాను" అని చెప్పి తీరాలి. ఆ ఒక్క మాట మీదే అందరి చేతులూ క్షేమంగా ఉండేవి.

ఆరేళ్ళ కిందట ఓ రోజు టపాకాయ మంచినీళ్ళు తాగొచ్చి తన చోట నిలబడింది. ఆ కాస్సేపట్లో పక్కనున్నావిడ కడ్డీ కట్టింది, చెప్పలేదు. ఆవిడని మహారాణి అనేవాళ్ళు, నడకలో ఉన్న టెక్కు చూసి. మడత సర్దబోయిన టపాకాయ చెయ్యి లోపలికి పోయింది. అందరూ కేకలు పెడుతూ ఆ చెయ్యి లాగుతుంటే మహారాణి గబగబా పేలిక విప్పి జాకెట్లో దోపుకుంది. విచారణలో నిబ్బరంగా చెప్పింది: "కడ్డీ బాగానే ఉందండీ. ఆవిడే దిక్కులు చూస్తూ కడ్డీ పైనుంచి చెయ్యి పెట్టింది."

మిగతావాళ్ళు నేలచూపులు చూశారు. ఏదో ఒకనాడు కడ్డీ కట్టని చెయ్యి వాళ్ళలో లేదు మరి. తప్పంతా టపాకాయ ఏమరుపాటుదేనని తేల్చేశారు. ఏమరుపాటు మనిషికి మిషను ఎవరిస్తారు? ఆమెని మురికి గదికి మార్చారు. వార్డుల నుంచి వచ్చే మూటలు విప్పి, రక్తం మరకలవి ఓ పక్కకీ, చీమువి ఓ పక్కకీ వేరుచేసే గది అది. వేళ్ళు పోయినందుకు ఆమె రెండు నెలలు ఏడ్చింది. ఏమరుపాటు అన్నందుకు మాత్రం ఆరేళ్ళూ మండుతూనే ఉంది. మహారాణి నోటితోనే నిజం చెప్పించాలి, అది విన్నాకే తను చావాలి. ఆమె బతుకులో మిగిలిన కోరిక అదొక్కటే.

భర్త ఎప్పుడో పోయాడు. ఇంట్లో మిగిలింది అత్తా తనూ. అత్త ప్రార్థన మనిషి. రోజూ సాయంత్రం గోడకేసి కూర్చుని, పక్కింటివాళ్ళకి కూడా వినపడేట్టు దేవుడికి అన్నీ అప్పజెప్పేది. వేళ్ళు పోయిన ఏడాది ఆ జాబితాలోకి మహారాణి కూడా చేరింది.

"ప్రభువా, ఆ పిల్లని చల్లగా చూడు," అంది అత్త.

టపాకాయ వంటగదిలోంచి గరిటతో సహా వచ్చింది. "అత్తా, వేళ్ళు పోయింది నాకు. చల్లగా చూడాల్సింది దాన్నా?"

"నిన్ను చూడ్డానికి నేనున్నాగా. దానికెవరున్నారే?"

"మీ దేవుడికి చెప్పు, నా జోలికి రావద్దని."

"నువ్వే చెప్పుకో. మీ ఇద్దరి మధ్యా దూరి నేను తన్నులు తినలేను."

ఇంకోసారి అత్త కాస్త మెత్తగా, "సిలువ మీద ఆయన చేతులు కూడా చితికాయి తల్లీ," అంది.

"మూడో రోజుకి లేచి కూర్చున్నాడుగా. నాకు ఏళ్ళు గడిచాయి, ఒక్క గోరన్నా మొలిచిందా?"

అత్తకి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. నవ్వినందుకు మళ్ళీ గోడకేసి తిరిగి క్షమించమని అడిగింది. ఆ ఇంట్లో దేవుడి సంగతి అలా నడిచేది.

మురికి గదిలో పనిచేసినవాళ్ళకి ఒకటి తెలుస్తుంది. దుప్పట్లకి నోరుండదు, దాపరికమూ ఉండదు. ఏ మంచం మీది మనిషి కోలుకుంటున్నాడో, ఏ మంచం దగ్గరికి ఎవరూ వెళ్ళడం లేదో, మూట విప్పితే చాలు. ఉద్యోగుల వార్డు మూటలో ఒక దుప్పటి రోజూ ఒకే చోట మరకతో వస్తోంది. నడుము కింది భాగంలో, పసుపూ ఎరుపూ కలిసి, నానాటికీ పెద్దదవుతూ. మనిషిని పక్కకి తిప్పేవాళ్ళు లేరని టపాకాయకి అర్థమైంది. మూటల బండి తోసేవాణ్ణి ఎవరని అడిగింది.

"మహారాణి. వెన్నులో గడ్డకి ఆపరేషనంట, కదల్లేదు. చెల్లెలొచ్చి మర్నాడే పోయింది. నర్సమ్మ ఒక్కతే, ఎందర్నని చూస్తుంది?"

"దేవుడున్నాడ్రా," అంది టపాకాయ. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. అత్త వింటే సంతోషించే అర్థంలో మాత్రం కాదు.

డ్యూటీ దిగగానే వార్డుకి పోయింది. ఆరేళ్ళుగా కూడబెట్టిన తిట్లన్నీ వరసలో పెట్టుకుని మరీ పోయింది. మహారాణి విసిరేసిన బొమ్మలా వెల్లకిలా పడి ఉంది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నీళ్ళ గ్లాసు స్టూలు మీద ఉంది గానీ ఆవిడ చెయ్యి అందే దూరంలో లేదు.

టపాకాయకి ఒళ్ళు మండిపోయింది. నోరు తడారిపోయినదానితో పోట్లాటేమిటి? నలుగురూ నవ్వరూ? ముందు నీళ్ళు పట్టింది. తర్వాత తిట్టబోతే కంపు. ఆ కంపులో మాటలు రావడం లేదని, ఎడమచేత్తో పట్టి, కుడిచేతికి ఉన్న రెండు వేళ్ళూ మోచెయ్యీ ఆనించి మనిషిని పక్కకి దొర్లించి, తుడిచి, దుప్పటి మార్చింది. ఇంతా అయ్యేసరికి బస్సు టైమైపోయింది. తిట్లు మర్నాటికి వాయిదా పడ్డాయి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పుండు కడుగుతూ తిట్టేది, తిడుతూ పుండు కడిగేది.

"జాలిపడుతున్నావా నా మీద?" అంది మహారాణి ఓ రోజు, గోడకేసి చూస్తూ.

"జాలా? నా మొహం. నువ్వు చస్తే నా నిజం ఎవరు చెప్తారు? అది చెప్పేదాకా నిన్ను చావనివ్వను."

మహారాణి కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు మాత్రం దిండులోకి దిగిపోయాయి. టపాకాయ వాటిని చూడనట్టు నటించి, దిండు గలీబు కూడా మార్చేసింది.

ఇలా రోజులు గడుస్తుండగా ఓ మధ్యాహ్నం ఆమెకి పెద్ద ఆపద వచ్చిపడింది. పుండు మీద మందు పెడుతుంటే మహారాణి నొప్పికి మెలికలు తిరిగింది. "ఓర్చుకో అమ్మా, అయిపోయింది," అంది టపాకాయ. అన్నాక ఉలిక్కిపడింది. అమ్మా ఏమిటి? తన కోపం ఏది? పాతవన్నీ గుర్తు చేసుకుంది, జాకెట్లో దోపిన పేలికతో సహా. నిప్పు అంటుకోలేదు. ఆరేళ్ళు ఆ కోపాన్ని చేతికర్ర చేసుకుని నడిచిన మనిషి. అది లేకపోయేసరికి ఎలా నిలబడాలో తెలియక భయమేసింది.

ఇంటికొచ్చి అత్తని నిలదీసింది. "మీ దేవుడు లేచాక చేతులెలా ఉన్నాయి? బాగైపోయాయా?"

"లేదే. గాయాలు అలాగే ఉన్నాయి. నమ్మని శిష్యుడికి వాటినే చూపించాడు."

"దాచుకోలేదా?"

"ఎందుకు దాచుకుంటాడు?"

టపాకాయ కొంగులోంచి కుడిచెయ్యి బయటికి తీసి చూసుకుంది. తను బస్సులో, బజారులో, ఆఖరికి అద్దం ముందు కూడా ఆ చేతిని కొంగులో చుట్టుకునే తిరిగింది.

"చేతులు బాగైపోయిన దేవుడితో నాకు పని లేదు," అంది చివరికి. "ఇలాంటి చేతులున్నవాడైతే మాట్లాడి చూస్తాను."

మాట్లాడటమంటే ఆమె పద్ధతిలోనే. అత్తలా కళ్ళు మూసుకుని కాదు, కళ్ళు తెరుచుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని. నువ్వు అంటూ దేవుడితో దెబ్బలాడేది. వింత ఏమిటంటే, అలా దెబ్బలాడాక హాయిగా నిద్రపట్టేది.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. సూపర్వైజరమ్మ సెలవులో ఉన్నవాళ్ళని చూడ్డానికి వార్డుకొచ్చింది. మహారాణి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మగారూ, నేనో మాట చెప్పాలి. ఆరేళ్ళ కిందట రోలరు దగ్గర, ఆ కడ్డీ..."

కడుగుతున్న గిన్నె టపాకాయ చేతిలోనే ఉండిపోయింది. ఏ మాట కోసం బతికిందో ఆ మాట సగం బయటికొచ్చింది. మిగతా సగం రావడానికి తను ఊరుకుంటే చాలు. కానీ ఆ ఆసుపత్రి రూలు ఆమెకి తెలుసు. తప్పుడు సాక్ష్యం చెప్పినవాళ్ళకి ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోయినవాళ్ళకి ఉద్యోగుల వార్డులో మంచం ఉండదు. ఒక బాయిలరు మనిషిని అలాగే సెలైను పీకి పంపేశారు. మహారాణి వెన్ను ఇంకా పచ్చిపుండు. పోవడానికి ఇల్లు లేదు, చూడ్డానికి మనిషి లేదు.

టపాకాయ తడిగుడ్డ తీసి మహారాణి మూతి మీద వేసింది. "జ్వరం అమ్మగారూ. పొద్దుట్నించీ ఇదే పలవరింత. పట్టించుకోకండి."

సూపర్వైజరమ్మ తలూపి వెళ్ళిపోయింది. మహారాణి ఏడుస్తూ, "ఎందుకాపావే?" అంది.

"నోర్మూసుకుని పక్కకి తిరుగు."

బస్సు దిగి ఇంటికి నడుస్తూ దేవుణ్ణి పట్టుకుంది. అబద్ధమాడాను, అంది. నీకు కోపమొస్తే రానీ. నా చోట నువ్వుంటే ఏం చేసేవాడివో చెప్పు. జవాబేమీ రాలేదు. కానీ తనతో పాటు ఇంకెవరో నడుస్తున్నారన్న ధైర్యం ఆమె గుండె నిండా కలిగింది. ఆ రోజునుంచి ఆమె నమ్మింది. ఎవరు బతిమాలినా నమ్మని మనిషి, ఎవరూ అడగకుండానే నమ్మింది.

మహారాణి లేచింది. కర్ర సాయంతో నడిచి మళ్ళీ పనిలో చేరింది, మడతలు పెట్టే బల్ల దగ్గర. టపాకాయ బాప్తిస్మం తీసుకుంటానంది. చర్చి వెనక సిమెంటు తొట్టి నింపారు. టపాకాయ నీళ్ళలో మునగడం చూడాలని లాండ్రీలో సగంమంది వచ్చారు, సూపర్వైజరమ్మతో సహా.

పాస్టరుగారు అడిగారు. "నీ పాపాలన్నిటికీ పశ్చాత్తాపపడుతున్నావా, అమ్మా?"

"ఒక్కటి తప్ప, అయ్యగారూ."

అత్త తల పట్టుకుంది. పాస్టరుగారు నీళ్ళలో కాస్త ఇబ్బందిగా కదిలారు. "ఏమిటది?"

"ఓ అబద్ధమాడాను. అవసరమొస్తే మళ్ళీ ఆడతాను. ఇది దాచిపెట్టి మునగడం నాకిష్టం లేదు. ముంచుతారో పొమ్మంటారో మీ ఇష్టం."

గుంపులో కర్ర చప్పుడైంది. మహారాణి ముందుకొచ్చి తొట్టి గట్టు పట్టుకుంది. "ఆ అబద్ధం నా కోసం ఆడింది, అయ్యగారూ. కడ్డీ కట్టింది నేను. చెప్పనిదీ నేనే. పేలిక దాచి, తప్పు దీని మీదకి తోసింది నేనే. దీని ఏమరుపాటు ఏమీ లేదు." ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

ఆరేళ్ళు ఎదురుచూసిన మాట. అది విన్నప్పుడు గెలిచినట్టు ఉంటుందని టపాకాయ అనుకునేది. ఇప్పుడు ఏడుపొచ్చింది, కర్ర మీద వణుకుతున్న ఆ మనిషిని చూసి.

"నిన్ను బతికించింది ఇందుకటే, పిచ్చిదానా?" అంది.

సూపర్వైజరమ్మ గొంతు సవరించుకుంది. "రేపు ఆఫీసుకి రా," అంది మహారాణితో.

"ఒక్కతే రాదు," అంది టపాకాయ నడుంలోతు నీళ్ళలోంచి. బాయిలరు అణగాల్సిన గొంతు అది. లాండ్రీ వాళ్ళందరి వంకా ఒక్కొక్కరినీ చూసింది. "ఆ కడ్డీ ఎన్నడూ కట్టనివాళ్ళు మీలో ఎవరో చెప్పండి."

ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బండి తోసేవాడు మెల్లిగా వచ్చి మహారాణి పక్కన నిలబడ్డాడు. తర్వాత ఇంకొకరు. ఇంకొకరు.

"అయితే రేపు అందరం వస్తాం, అమ్మగారూ," అని, టపాకాయ పాస్టరుగారి వైపు తిరిగింది. "ఇక ముంచండి."