రేకు గోడకు పడ్డ కిటికీ

మా బావ పోయిన కబురు నాకెవరూ చెప్పలేదు. పొద్దున్నే చల్ల ఇద్దామని సందులోకి పోయి ఆయన కిటికీ రేకు తట్టాను. పలకలేదు. తొంగి చూస్తే మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు, లోపలికి పోయి ముట్టుకుంటే ఒళ్లు చల్లబడి ఉంది. మా ఆయనకు తోడబుట్టిన అన్న, నాకు బావ. మొన్ననే దినాలయ్యాయి. ఆ కిటికీ సంగతి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. చెబితే ఇంటి పరువు పోతుందంటున్నారు. పోతే పోనీ.

మా బోధన్ పక్క మిరుగు కార్తె తొలకరి వానలకు ముందే మట్టిగోడలకు చెరుకాకు తడికెలు కడతారు. లేకపోతే పడమటి వాన గోడను తినేస్తుంది. అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కనే, మధ్యన బండి పట్టేంత సందు. ఓ ఏడు తడికె సర్దుతుంటే అందులో దాగిన పాము మా తోటికోడలిని కరిచింది. సాయంత్రానికే నురగలు కక్కి పోయింది. కాష్టం నుంచి వచ్చిన బావ తడికెలన్నీ పీకి తగలబెట్టాడు. పాము మంటలోంచి బయటపడితే కట్టెతో కొట్టాడు. అది చచ్చాక కూడా కొడుతూనే ఉన్నాడు. ఆ కట్టెను చేతిలోంచి లాక్కున్నది మా ఆయనే.

తర్వాత రోడ్డు పనిలో పారేసిన డాంబరు పీపాలు తెచ్చి, చీల్చి, సుత్తెతో చదును చేసి, చూరు నుంచి మొదలు దాకా గోడకు రేకులు కొట్టాడు. ఊరంతా నవ్వింది. "ఇల్లు గట్టిండా, రేకు సందుక పెట్టె జేసిండా?" అని.

నవ్వు ఒక్క వానాకాలమే. మట్టిగోడ ఐతే సగం నీళ్లు తాగేది. రేకు చుక్క తాగదు. నీళ్లన్నీ సందులోకి జారి, పల్లాన ఉన్న మా గోడ మొదట్లో నిలిచేవి.

"అన్నా, నీ నీళ్లు మా గోడను కోస్తున్నయ్" అన్నాడు మా ఆయన.

"నీరు పల్లమెర్గు. నేనేం జేద్దురా?" అన్నాడు బావ.

ముసురు పట్టిన ఓ తెల్లవారుజామున మా గోడ దాని వార కట్టేసిన రెండెడ్ల మీద కూలింది. ఒకటి అక్కడే చచ్చింది. రెండోది నడుము విరిగి మధ్యాహ్నం దాకా అరిచింది. ఆ అరుపు ఆగిపోగానే మా ఆయన గొడ్డలి తీశాడు.

మొదటి దెబ్బ రేకుకు పడింది. డాంబరు రేకు మూరెడు చీలింది. "రారా బయటికి! నిన్నూ గిట్లనే చీరుత!" అని అరుస్తున్నాడు. బావ సందులోకి ఉరికొచ్చి "తమ్మీ, ఆగురా" అని చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బకు రెండు వేళ్లు బురదలో పడ్డాయి. మూడోది మెడకే ఎత్తాడు. గొడ్డలి కామ పట్టుకుని వేలాడాను. మోచేత్తో గుద్దితే నా ముందు పన్ను విరిగింది. ఇప్పటికీ ఆ ఖాళీతోనే నవ్వుతాను. వేళ్లు చూశాకగానీ ఆయన చెయ్యి దిగలేదు.

ఎవరు చెప్పారో, పోలీసు ఠాణా నుంచి జమేదారు వచ్చాడు. "ఎవడు నరికిండు?"

బావ చేతికి చుట్టిన ధోతి ఎర్రగా తడిసి ఉంది. "ఎవ్వడు నరకలే సారూ. కిటికి పెడ్దామని రేకు కోస్తుంటే గొడ్డలి జారింది."

"గింత వానల కిటికా?"

"ఉక్కపోస్తుంది సారూ."

"మళ్లొస్త. కిటికి లేకపోతే ఇద్దర్నీ లోపలేస్త."

అతను పోయాక అడిగాను, ఎందుకు బావా అని. "నీరు పల్లమెర్గు, నిజం దేవుడెర్గు. జమేదారు ఎర్గకున్నా నడుస్తది బిడ్డా" అని నవ్వబోయి నొప్పికి మూలిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "తప్పు నాది గూడ ఉంది. వానను నా గోడ మీదికెల్లి ఎల్లగొట్టిన. యాడికి పోతదో సూడలే."

అబద్ధం చెప్పినందుకు కిటికీ పెట్టక తప్పలేదు. మూడు వేళ్ల చేత్తో మట్టిగోడ తొలిచాడు. చీలిన రేకును పైకి మడిచి తలుపు చేశాడు. నీళ్లు మా గోడను తాకకుండా పోయేలా సందులో రాళ్ల మోరి కట్టాడు. రాళ్లన్నీ మోసింది మా ఆయనే. ఒక్క మాట లేదు, ఆ చేతి వైపు ఒక్క చూపు లేదు. సిగ్గుతో చచ్చిన మనిషి అంతే. జమేదారు మళ్లీ రానేలేదు.

ఆ కిటికీలోంచే నేను ఇన్నేళ్లు నిప్పులిచ్చాను, చల్లపోశాను, తిట్లు కూడా తిట్టాను. "వానికి కారం తక్కువెయ్యి బిడ్డా, కడుపుల మంట ఉన్నోడు" అని తమ్ముడికి వినపడేలా అనేవాడు బావ. మా ఆయన వినేవాడు, పలికేవాడు కాదు. వానొస్తే బావ లోపలి నుంచి రేకు దించేవాడు, దన్‌మని. ఆ చప్పుడు వినపడ్డాకే మా ఆయన కంచం ముందు కూర్చునేవాడు.

నిన్న సాయంత్రం గాలివాన వచ్చింది. దించేవాళ్లు లేక ఆ రేకు గోడకు కొట్టుకుంటోంది. మా ఆయన కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత లేచి సందులోకి పోయాడు. తాడుతో కడతాడనుకున్నాను. రేకును దించి, రెండు చేతులతో అదిమిపట్టి నిలబడ్డాడు.

"అన్నా, మూసిన" అన్నాడు.

అంచు కోసుకుని అరచేతుల నెత్తురు రేకు మీదుగా మోరిలోకి పోతోంది. రమ్మని పిలిచాను. వాన వెలిసేదాకా చేతులు తియ్యలేదు.