తూర్పు ముఖంగా పెట్టిన స్పీకరు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు నన్ను తిరుపతిలో, అలిపిరి రోడ్డున ఒక ట్రస్టు నడిపే ఆడిటోరియానికి సౌండ్ సూపర్‌వైజరుగా వేశారు. నా కింద ఇద్దరు ఆపరేటర్లు, నా పైన హాలు మేనేజరు, ఆయన పైన సాంకేతిక కమిటీ. ఆ కమిటీలో ఒకాయనది రైసుమిల్లు, ఇంకొకాయనది మామిడిగుజ్జు ఫ్యాక్టరీ, ప్రెసిడెంటు గారు రోడ్ల కాంట్రాక్టరు. ముగ్గురిలో ఎవరూ తమ చేత్తో ఒక ప్లగ్గు పెట్టి ఎరగరు. అయినా మైకు కొనాలన్నా, వైరు మార్చాలన్నా వాళ్లు తలూపాల్సిందే.

అలా వాళ్ల ముందుకు ఒకసారి బేస్ గిటారు స్పీకరు పెట్టె వ్యవహారం వచ్చింది. బేస్ గిటారంటే లావు తీగలతో మంద్రస్వరాలు పలికే గిటారు. పాటకు అడుగున నడిచేది అదే. ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, లేకపోతే పాట తేలిపోతుంది. దాన్ని వినిపించడానికి మా దగ్గరున్న పాత పెట్టె బీరువా అంత ఉండేది. మా హాలు ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే గుణశేఖర్ చిత్తూరు మనిషి, యాభై దాటినవాడు. ఆ పెట్టె మోసీ మోసీ అతని నడుములో డిస్కు జారింది. ఇక బరువు ఎత్తితే మంచం దిగవని డాక్టరు చెప్పేశాడు. అందుకని ఒంటి చేత్తో ఎత్తగలిగే చిన్న పెట్టెను, ఒకటే స్పీకరు ఉన్నదాన్ని, డీలరును అడిగి పరీక్షకు తెప్పించాను.

ఆర్కెస్ట్రా నడిపే దామోదరానికి ఇది గిట్టలేదు. బేస్‌ను కీబోర్డు మీద ఎడమచేత్తో లాగించేస్తే ఒక మనిషి తగ్గుతాడని ఆయన ఆలోచన. చిన్న పెట్టె పరీక్షలో తప్పితే గుణశేఖర్‌ను ఇంటికి పంపుదామని కమిటీని ముందే ఒప్పించి పెట్టుకున్నాడు.

పరీక్షకు ఒక పద్ధతి ఉంది. హాలు స్పీకర్ల సాయం లేకుండా, మిగతా వాద్యాలు మోగుతుండగా, పెట్టె ఒక్కటే చివరి వరస దాకా వినిపించాలి. విడిగా వాయిస్తే ఏ పెట్టె అయినా బ్రహ్మాండంగానే ఉంటుంది. డ్రమ్ములు మొదలయ్యాకే దాని బండారం బయటపడుతుంది. ముందు రోజు నేను ఆర్కెస్ట్రా చేత అలాగే వాయింపించి చూశాను. చివరి వరసలో నిలబడి విన్నాను, నిక్షేపంగా ఉంది.

మర్నాడు కమిటీ వచ్చింది. నేను వెళ్లేసరికే పెట్టెకు కుంకుమ బొట్లు, బంతిపూల దండ, ముందు కొట్టిన టెంకాయ. కొత్తగా వచ్చిన ప్రతి యంత్రానికీ పూజ చేయడం మా వైపు ఆనవాయితీ, దాంతో నాకు పేచీ లేదు. కానీ ప్రెసిడెంటు గారు దాన్ని తూర్పు ముఖంగా పెట్టించారు. మా వేదికకు తూర్పున ఉన్నది వెనక గోడ. జనం కూర్చునేది పడమట. అంటే స్పీకరు గోడను చూస్తోంది, దాని వీపు జనానికి ఉంది.

తిప్పిస్తానన్నాను.

“పూజ చేసినాంక కదిలిస్తే ఎట్లప్పా? రేపు పొద్దున దాకా అది ఆడనే ఉండల్ల. అయినా సౌండు యాడికి పోతాది, ఈడనే కదా తిరగతా ఉంటాది” అన్నారు ప్రెసిడెంటు గారు. రోడ్లు వేసే మనిషి నాకు ధ్వనిశాస్త్రం నేర్పారు. మిగతా ఇద్దరూ తలూపారు. వాళ్లను కమిటీలో వేసుకున్నదే అందుకు.

వాయించారు. మంద్రధ్వని పెట్టె ఎటు తిరిగి ఉన్నా గది నిండా పాకుతుంది. కానీ వేలు తీగను మీటిన స్పష్టత, అది ఏ స్వరమో తెలిపే అంచు, స్పీకరు ముఖం ఎటుంటే అటే పోతుంది. కాబట్టి జనం వైపుకు గుయ్యిమనే మోత వచ్చింది గానీ స్వరం రాలేదు. తాను వాయించేది తనకే తెలియక, గుణశేఖర్ డ్రమ్మరు కాలు చూసి తాళం అందుకుంటున్నాడు.

“పక్క వీధిలో బోరు ఏస్తా ఉన్నట్టుండాదే” అన్నారు మిల్లు ఆయన.

“నేను ముందు నుంచీ చెప్తానే ఉండా కదా సార్, అంత చిన్న పెట్టెలో దమ్ము యాడుంటాది?” అన్నాడు దామోదరం.

గుణశేఖర్ భుజం మీది గిటారు దించాడు. “పెట్టె మూతి గోడకు పెట్టి నన్ను ఎల్లగొడతా ఉండారు సార్” అన్నాడు నా పక్కకొచ్చి, మెల్లగా. నాకు ఒళ్లు మండింది.

పెట్టె కదలకూడదన్నారే గానీ కమిటీ కదలకూడదని ఎవరూ అనలేదు. మీరు కుర్చీ మారడానికి శాస్త్రం అడ్డమా అని ప్రెసిడెంటు గారినే అడిగాను. ఆయన నిజంగానే కాసేపు ఆలోచించి, అడ్డం లేదన్నారు. వేదిక వెనక గోడ వారన, మడిచిపెట్టిన తెరలకూ విరిగిన మైకు స్టాండ్లకూ మధ్య, పెట్టెకు ఎదురుగా మూడు కుర్చీలు వేయించాను. ముగ్గురు పెద్దమనుషులూ దుమ్ములో పంచెలు ఎత్తిపట్టుకుని వచ్చి కూర్చున్నారు.

గుణశేఖర్ మళ్లీ వాయించాడు. డ్రమ్ముల మధ్య నుంచి ఒక్కో స్వరం విడివిడిగా వచ్చి ఛాతీకి తగిలింది. మామిడిగుజ్జు ఆయన కాలు ఆడించడం మొదలుపెట్టారు. పాట అయ్యాక ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగారు.

“సూసినావా అప్పా? తూర్పు ముఖం పెట్టినాం కాబట్టే ఇట్ల పలకతా ఉండాది!”

దామోదరం కూడా తలూపాడు. ప్రెసిడెంటు గారి మాటకు ఎదురు చెప్పి ఆ హాలులో నిలిచినవాడు లేడు.

పెట్టె తీసుకోవాలని, గుణశేఖర్ కొనసాగాలని, పెట్టె మాత్రం ఎప్పటికీ తూర్పు ముఖంగానే ఉండాలని తీర్మానం చేశారు. నేను సంతకం పెట్టాను. ఆ తర్వాత ప్రతి కార్యక్రమానికీ గోడకూ పెట్టెకూ మధ్య ఒక మైకు నిలబెట్టి, దాని వైరు మిక్సరుకు కలిపి, గుణశేఖర్ బేస్‌ను హాలు స్పీకర్లలో జనానికి పంపాను. అక్కడ మైకు ఎందుకుందని కమిటీలో ఒక్కరూ అడగలేదు. గుణశేఖర్ ఇప్పటికీ అక్కడే వాయిస్తున్నాడు, తూర్పు మహిమ గురించి ప్రెసిడెంటు గారు ఇప్పటికీ వచ్చినవాళ్లకు చెబుతున్నారు.

చిన్న పెట్టె పనికొస్తుందా అని ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. పనికొస్తుంది. వాడబోయే చోటనే, మిగతా వాద్యాలతో కలిపి పరీక్షించండి. తీర్పు చెప్పేవాళ్లను స్పీకరుకు ఎదురుగా కూర్చోబెట్టండి. వాళ్లకు వివరించే పని మాత్రం పెట్టుకోకండి.