గడప దగ్గర కొన్న కెమెరా

ఉదయం పదకొండూ ఇరవైకి మా నాయన హిందూపురంలో ఒక అంగడి గడప దాటి, చేతిలో కెమెరాతో వీధిలోకి వచ్చాడు. అంగడాయన కంగారుగా వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"యాడికి పెద్దాయనా? ఇంకా బిల్లే రాయలేదు!"

"యాడికీ పోనులేప్పా. ఈ లైట్ల కింద నాకేం తెలుస్తుంది? బయట చూడాల."

ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. రంగులో ముంచిన పట్టు వచ్చినా, మగ్గం మీద నుంచి చీర దిగినా, నాయన దాన్ని వాకిట్లోకి తెచ్చి, ఎండలో మడత విప్పి చూసేవాడు. ట్యూబులైటు కింద పసుపూ మామిడిపండు రంగూ ఒకేలా కనిపిస్తాయి. ఎప్పుడో ఒకసారి ఆయన అలా మోసపోయాడట, ఒక చీర తిరిగి వచ్చిందట. అప్పటినుంచి ఆయనకు పగటి వెలుతురు మీద తప్ప దేనిమీదా నమ్మకం లేదు. కళ్లజోడు ఫ్రేము కొన్నా, వంకాయలు కొన్నా వాకిట్లో చూడాల్సిందే. ఆ రోజు కెమెరాను కూడా అలాగే చూశాడు.

కెమెరా కావలసింది నాకు. నాయన పగలు మగ్గం మీద కూర్చునేవాడు, ఎవరైనా పిలిస్తే కచేరీల్లో మృదంగం వాయించేవాడు. పెనుకొండ, హిందూపురం, కొత్తచెరువు, ఇంతే ఆయన తిరిగిన దూరం. పెద్ద పేరేమీ లేదు. ఆ వేసవిలో గుండె డాక్టరు ఆయన్ను పరీక్ష చేసి, మూడేసి గంటలు కూర్చుని వాయించడం ఇంక చాలన్నాడు. నాయన వాదించలేదు. పెనుకొండ కచేరీకి మాట ఇచ్చానని, అదొక్కటీ వాయించి ఆపేస్తానన్నాడు.

ఆయన వాయిస్తుండగా తీసిన సరైన ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఫోన్లలో తీసినవి చాలా ఉన్నాయి. వేదిక మీది లైట్లకు ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది, చేతులు ఎక్కడున్నాయో తెలియదు. నాకు కావలసింది ఒకే ఒక్క ఫొటో. ముఖమూ రెండు చేతులూ స్పష్టంగా కనిపించాలి, ఆయన వాయిస్తూ ఉండాలి. ఒక్క కచేరీ కోసం కెమెరా ఏమిటని ఇంట్లో అంటారని, తమ్ముడి పిల్లల ఫొటోలకూ చీరల ఫొటోలకూ పనికొస్తుందని చెప్పాను.

నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఏదైనా చదివి తెలుసుకోవడం ఒక్కటే నాకు చేతనైన పని. నెల రోజులు చదివాను. మసక వెలుతురులో కదిలే చేతులు ఫొటోలో నిలవాలంటే లెన్సులోకి ఎక్కువ వెలుతురు రావాలి. చవక కెమెరాల్లో దూరానికి జూమ్ చేసేకొద్దీ వచ్చే వెలుతురు తగ్గిపోతుంది. అందుకని జూమ్ లేకపోయినా, పాతదైనా, వెలుతురును బాగా లోపలికి తీసుకునే లెన్సు ఉన్నదే కొని, వేదికకు దగ్గరగా కూర్చోవాలి. ఇదంతా నోటుబుక్కులో రాసుకున్నాను. అంగడికి వెళ్లిన రోజు ఆ నోటుబుక్కు నా సంచిలోనే ఉంది.

అంగడాయన మా ముందు రెండు పెట్టాడు. ఒకటి నల్లటి పాతది, మూతపడిన స్టూడియో వాళ్లు అమ్ముకున్నది. దానికి జూమ్ లేదు. రెండోది చిన్నది, కొత్తదానిలా ఉంది, మూతి చాలా దూరం సాగుతుంది.

"అక్కా, కచేరీలకైతే నల్లదే మేలు" అన్నాడాయన. "చూసేదానికి బాగుండదు. చీకట్లో పని చేస్తుంది."

నా నోటుబుక్కులో ఉన్నదీ అదే. అప్పుడే నాయన చిన్నదాన్ని పట్టుకుని గడప దాటాడు. ఎదుటి బట్టల అంగడి ముందు బొమ్మకు చీర కట్టి నిలబెట్టి ఉంది. దాని మీదికి జూమ్ చేసి గట్టిగా అరిచాడు.

"చూడుమ్మా! అంచులో పోగులు లెక్కపెట్టొచ్చు. పట్టంట పట్టు! మరమగ్గం సరుకు ఇది."

"మెల్లగా పెద్దాయనా" అన్నాడు అంగడాయన. "ఆ అంగడోడు నాకు బావ అయితాడు."

"అయితే నీకు ముందే తెలిసుండాల గదప్పా."

తర్వాత నల్లదాన్నీ బయటికి తెప్పించి ఎత్తి చూశాడు. "ఇదేందబ్బా, బొమ్మ యాడుండేది ఆడనే ఉండాది. దగ్గరికి రాదా?"

"రాదు. మనమే పోవాల" అన్నాడు అంగడాయన.

"మనమే పోయేదానికి ఇదెందుకు?"

నేను ఒక్కసారి చెప్పాను. "నాయనా, కచేరీ లోపల జరుగుతుంది, బయట కాదు."

"ఎండకు నిలబడింది లోపల నిలబడకుండా పోతుందా?" అన్నాడు.

పట్టు విషయంలో అది నిజం. కెమెరా విషయంలో కాదని నాకు తెలుసు. నోటుబుక్కు తీసి చూపించవచ్చు, చూపించలేదు. ఆయన ఆ అంచు చూసి చిన్నపిల్లాడిలా సంతోషపడుతున్నాడు, చెడగొట్టడానికి నాకు మనసు రాలేదు. అంగడాయన నా వైపు ఒకసారి చూసి, బిల్లు పుస్తకం తెరిచాడు. చిన్నదే కొన్నాం.

పెనుకొండలో కచేరీ ఒక కల్యాణ మండపంలో. ముందు వరుసలు పెద్దవాళ్లకు పెట్టారు, నాకు ఎనిమిదో వరుస దొరికింది. జూమ్ ఉందిగదా అనుకున్నాను. వేదిక వెనక రంగు లైట్లు, పైన రెండు ట్యూబులైట్లు. మొదటి ఫొటోకు ఫ్లాషు దానంతట అదే వెలిగింది. పాడుతున్నాయన పాట ఆపకుండానే నా వైపు చూశాడు. నాయన మెల్లగా తల అడ్డంగా ఊపాడు. ఫ్లాషు ఆపేశాను. ఆ తర్వాత తీసినవన్నీ మసకే.

మధ్యలో పాటా వయొలినూ ఆగి, మృదంగం ఒక్కటే కాసేపు మోగుతుంది. నేను వచ్చింది దానికోసమే. నొక్కుతూనే ఉన్నాను. చిన్న తెరలో ముఖం కొంత తెలుస్తోంది, మణికట్టు దిగువన పొగలాంటి మసక. ఏ మీట తిప్పినా పొగే. అందరూ చప్పట్లు కొట్టాక గానీ నాకు తెలియలేదు, ఆయన చివరిసారి వాయించినదాన్ని నేను వినలేదని. కెమెరాతో తగాదా పడుతూ కూర్చున్నాను.

తిరుగు రైల్లో నాయన ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు.

"ఏమ్మా, నా చేతులు యాడ పోయినాయి?"

నేను తర్వాతి ఫొటోకు జరిపాను.

"మేలేలే. తప్పు వాయించింటే ఎవురికీ దొరకను" అన్నాడు.

అదే వారం కెమెరా మార్చుకుందామని ఒక్కదాన్నే హిందూపురం వెళ్లాను. నల్లది అమ్ముడుపోయింది. "నేను ఆ పొద్దే చెప్పినా గదక్కా" అన్నాడు అంగడాయన. ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే దారంతా కోపం తగ్గలేదు.

ఇంటికొచ్చి నాయనను అడిగాను, ఒక్క పది నిమిషాలు వాకిట్లో కూర్చుని వాయించమని.

"పాడేవాళ్లు లేకుండా ఎవురికి వాయించేది? ఫొటోకా?"

"నాకు."

మృదంగం తెచ్చుకుని కూర్చున్నాడు. చేతులు దాని మీద పెట్టి కదలకుండా ఉన్నాడు. "తీసుకో. ఇట్లయితే నీ కెమెరాకు సులువు" అన్నాడు. ఒకసారి కొట్టమన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఎండ బాగుంది, ఫొటో చాలా స్పష్టంగా వచ్చింది. గోళ్ల సందుల్లో రంగు కూడా కనిపిస్తుంది.

ఆయన పోయినప్పుడు దండ వేసింది ఆ ఫొటోకే. వచ్చినవాళ్లందరూ దాని ముందు నిలబడి, "వాయిస్తాన్నట్టే ఉండాడు" అన్నారు. పదకొండో రోజు దాకా ఆ మాట వింటూనే ఉన్నాను. ఆ ఫొటోలో ఆయన వాయించడం లేదు. నా మాట కొట్టేయలేక కూర్చున్నాడు, అంతే. ఎవరికీ చెప్పలేదు. వాళ్లు మంచి మాటే అంటున్నారు. వాయిస్తున్నవి పెనుకొండలో తీసినవే, వాటిలో చేతులు లేవు. రెండు వందల పైగా ఉన్నాయి. తీసేయలేను. చూడనూ లేను.

చిన్న కెమెరాను ఇప్పుడు మా మరదలు వాడుతుంది. లోపలి గదిలో రెండు పెద్ద లైట్లు బిగించి, చీరను గోడకు వేలాడదీసి ఫొటో తీసి ఫోనులో బేరగాళ్లకు పంపుతుంది. నిలబెట్టిన చీరను అది బాగానే తీస్తుంది. మామిడిపండు రంగు పసుపులా పడిందని ఒకటి రెండుసార్లు గొడవ వచ్చింది. తమ్ముడు లైట్లు మార్చాడు.

చీర రంగు చూడటానికి మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ వాకిట్లోకి రారు.