కిలోకి ఇంత చొప్పున

పిల్లల వార్డులోని పెద్ద నర్సు మందు సీసా మీద ‘పర్’ అన్న ఇంగ్లిషు మాట కింద బొటనవేలి గోరు ఆనించి, ఓ క్షణం ఆగుతుంది. అది లాటిన్ నుంచి వచ్చిందనీ, ‘చొప్పున’ అని అర్థమనీ కొత్త నర్సులకు చెబుతుంది. కిలో బరువుకి ఇంత మందు చొప్పున. అందుకే ఆమెకు బరువు తప్పుతుందేమోనని భయం. ఇవాళ సిరంజి నింపాక కూడా నెలల పాపను మళ్లీ తూచాలంది.

"పొద్దున్నే తూచారు కదా సిస్టర్, ఎన్నిసార్లు ఏడిపిస్తారు దాన్ని?" అన్నాడు తండ్రి.

"దుప్పటితోనే తూచారా నాయనా?"

"చలేస్తుందని నేనే తియ్యనివ్వలేదు," అంది తల్లి.

దుప్పటి విప్పితే, పొద్దున రాసిన చీటీలో నాలుగు కిలోలున్న పాప మూడున్నర తూగింది. నర్సు సిరంజిలోని మందులో ఎనిమిదో వంతు సింకులోకి వదిలేసింది.

"పొద్దున తూచాక కూడా ఈ మందే వేశారా?" అని మెల్లగా అడిగింది.

తండ్రి ఔనని తలూపాడు.