పిన్ని, మూడో బటన్

మా పిన్నికి రెండు జతల కళ్లద్దాలున్నాయి. ఒకటి మామూలు వాడకానికి, రెండోది పాచిపనికి. నేను కళ్లద్దాల కొట్లో పనిచేస్తాను కాబట్టి రెండూ నేనే చేయించి తెచ్చాను. "రెండింటికీ నంబరు ఒకటేగా పిన్నీ, ఈ సోకేమిటి నీకు?" అని ఏడిపించాను కూడా. "ఆ రాతలు చదివిన అద్దాల్లోంచి మీ మొహాలు చూడబుద్ధి కాదే" అంది. అప్పుడు నవ్వాను. తర్వాతొక రోజు ఆవిడ భుజం మీదుగా తొంగిచూసి, ఆ పూట అన్నం ముందునుంచి లేచిపోయాను.

పాచిపని అంటే ఇది. ఒక పార్టీని నెత్తిన పెట్టుకుని ఊరేగే వెబ్‌సైటు ఒకటుంది. పైన వార్త, కింద దాని మీద జనం రాసే రాతలు. వార్త పిడికెడు, రాతలు బండెడు. ఇంట్లో పిల్లిలా తిరిగే మగవాళ్లు, ఆ మాటకొస్తే ఆడవాళ్లూ, అక్కడికొచ్చి నరుకుతామంటారు, తగలబెడతామంటారు, అవతలి పార్టీవాళ్ల తల్లుల్నీ చెల్లెళ్లనీ వీధికీడుస్తారు. ఆ కంపులోంచి మరీ భరించలేనివి ఏరి పారెయ్యడం పిన్ని ఉద్యోగం. ఒకప్పుడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. అది మూతపడింది, బాబాయి పోయాడు, ఈ పని దొరికింది. ఆవిడా నేనూ కలిసుండే ఈ ఇల్లు గడిచేది ఎక్కువగా దీంతోనే, అందుకే మానెయ్యమనడానికి నాకు నోరు రాదు. కంప్యూటర్ని మాత్రం వాషింగ్ మెషీన్ పక్కన చిన్న బల్ల మీద పెట్టుకుంది. తినే గదిలోకి దాన్ని రానివ్వదు.

ఆవిడకి మూడు బటన్లు ఇచ్చారు. ఒకటి రాతని ఉంచడానికి, ఒకటి తీసెయ్యడానికి. మూడోది దాచడానికి. దాచేస్తే ఆ రాత రాసినవాడికి మాత్రం ఎప్పట్లాగే కనిపిస్తుంది, ఇంకెవరికీ కనిపించదు. తీసేస్తే మరో పేరుతో వచ్చి రెట్టింపు మొరుగుతారట. దాచేస్తే లోకమంతా తమ మాటే వింటోందనుకుని హాయిగా పడుంటారట. పులిబిడ్డ అని పేరు పెట్టుకున్నవాడొకడు నెలల తరబడి అలా గోడకి చెప్పుకుంటున్నాడు. "పాపం, వాడికి మధ్యాహ్నం కునుకు అలవాటు. నాలుగయ్యేదాకా గర్జించడు" అనేది పిన్ని. ఆ ఒక్క బటన్ గురించి చెప్పేటప్పుడే ఆవిడ మొహంలో నవ్వు చూసేదాన్ని.

ఈలోగా ఎన్నికలొచ్చాయి. మా పేటలో ఆ పార్టీ ఓడింది. ఓట్లు లెక్కపెట్టిన చోట ఎవడో వీడియో తీశాడు. అందులో ఒకావిడ, అక్కడి గుమస్తా, ముప్ఫై ఏళ్లు దాటి ఉండవు, బల్ల కిందనుంచి సంచి తీసి భుజాన వేసుకుంటుంది. అంతే. అది ఆవిడ క్యారేజీ సంచి. గిన్నె మూత బయటికి కనిపిస్తూనే ఉంది, కళ్లున్నవాడికి. వీళ్లకి మాత్రం అందులో ఓట్లు కనిపించాయి. సంచి దొంగ అని పేరు పెట్టారు. ముందు ఆవిడ ఫోటో వచ్చింది. తర్వాత ఆవిడ కూతురు చదివే బడి పేరు, బడి వదిలే వేళ. దాని కింద తల్లి చేతుల్నేం చెయ్యాలో, పిల్లనేం చెయ్యాలో. ఛీ. ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, వాళ్లకెలా వచ్చిందో.

పిన్ని అవన్నీ తీసేసింది. కాసేపటికి మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. మళ్లీ తీసింది, మళ్లీ వచ్చాయి. సైటు నడిపే పెద్దమనిషికి ఫోన్ చేసింది.

"అమ్మా, అవి మనవాళ్లవి. మనవాళ్ల విషయంలో కాస్త చూసీ చూడనట్టు పోవాలి."

"పసిపిల్ల బడి పేరు పెట్టారు బాబూ."

"కోపంలో ఉన్నారమ్మా, వాళ్లే చల్లబడతారు. ఈ వారం మన సైటుకి ఎంతమంది వస్తున్నారో తెలుసా మీకు? మీరు బాగా అలిసిపోయినట్టున్నారు. ఆ పేజీ నాకు వదిలెయ్యండి, నేను చూసుకుంటాను."

ఆ తియ్యటి గొంతు వింటుంటే పక్కనున్న నాకు ఒళ్లు మండిపోయింది. అన్నంత పనీ చేశాడు. ఆ పేజీ ఇక పిన్ని కంప్యూటర్‌కి రాలేదు. పోలీసులకి ఫోన్ చేస్తే, ఏదైనా జరిగితే చెప్పండి అన్నారు.

అప్పుడు పిన్ని ఎన్నడూ చెయ్యని పని చేసింది. తన ఫోన్ తీసి, మామూలు జనంలో ఒకతెగా, సొంత పేరుతో ఆ పేజీ కింద రాసింది. "అది క్యారేజీ సంచి. ఆమె ఏ తప్పూ చెయ్యలేదు. పసిపిల్ల జోలికి పోవడం నీచం. ఇవి రాసినవాళ్లు సిగ్గుపడాలి." నాకు చదివి వినిపించి మరీ పంపింది. ఇక తిట్లు తినడానికి గుండె దిటవు చేసుకుని కూర్చుంది.

ఒక్క తిట్టూ రాలేదు. మర్నాడూ రాలేదు. "చూశావా, ఒక్కడూ నోరెత్తలేదు. ఎక్కడో కాస్త సిగ్గు మిగిలే ఉందే" అని ఆ రోజు ఇంకో కప్పు టీ పెట్టుకుంది. మధ్యమధ్య ఫోన్ తెరిచి, తన నాలుగు మాటలూ అక్కడే ఉన్నాయని చూసుకుని మళ్లీ పక్కన పెట్టేది.

ఆ తర్వాతి రోజు కొట్లో బేరాల్లేవు. పిన్ని మాటలు నేనూ ఓసారి చూద్దామని నా ఫోన్లో ఆ పేజీ తెరిచాను. ఆ రోతంతా వేలితో తోసుకుంటూ పైనుంచి కిందదాకా వెతికాను. అవి లేవు. పక్క కౌంటరు అమ్మాయి ఫోన్ అడిగి చూశాను, అందులోనూ లేవు. కొత్తగా ఒకటి మాత్రం ఉంది, సాయంత్రం బడి దగ్గర కలుద్దాం రండని. రాసింది పులిబిడ్డ. నెలల తరబడి పిన్ని దాచిపెట్టిన వాణ్ని కూడా పెద్దమనిషి బయటికి వదిలాడు.

కొట్లో చెప్పి ఇంటికి పరిగెత్తి, నా ఫోన్ పిన్ని చేతిలో పెట్టాను. ఆవిడకి విప్పి చెప్పాల్సిన పని లేదు. "నన్ను దాచేశాడు" అంది. లేచి చెప్పులు వేసుకుంది.

బడి గేటు ఎదురుగా మోటారు సైకిల్‌కి ఆనుకుని ఇద్దరున్నారు, ఫోన్లు పైకెత్తి. పిన్ని నేరుగా వెళ్లి వాళ్లకీ గేటుకీ మధ్య నిలబడింది.

"కాస్త పక్కకి జరుగుతారా ఆంటీ? వీడియోకి అడ్డొస్తున్నారు" అన్నాడు ఒకడు. ఇస్త్రీ చొక్కా, శుభ్రంగా దువ్విన తల. ఎంత మర్యాదగా అడిగాడో.

"జరగను బాబూ" అంది పిన్ని.

గుమస్తా కూతురి చెయ్యి పట్టుకుని, తలొంచుకుని బయటికొచ్చింది. పిన్ని దగ్గరికెళ్లి, "మీతో ఇంటిదాకా వస్తామమ్మా" అంది.

"మీరెవరండీ?"

"ఆ సైటులో రాతలు చూసే ఉద్యోగం నాది."

ఆవిడ చటుక్కున పిల్లని వెనక్కి లాక్కుంది. గొంతు పెంచలేదు. "రోజూ కిందదాకా చదువుతున్నానండీ. ఇంతమందిలో ఒక్కరైనా ఇది తప్పని అంటారేమోనని. ఒక్కళ్లూ అనలేదు."

చెప్పేద్దామని నోరు తెరిచాను. పిన్ని నా మణికట్టు నొక్కింది.

"అవునమ్మా, అనలేదు" అంది. "పాప సంచి ఇలా ఇవ్వండి, బరువుగా ఉన్నట్టుంది."

తల్లి కదల్లేదు. పిల్లే భుజం మీంచి సంచి దించి పిన్ని చేతికిచ్చింది. వాళ్లింటిదాకా నడిచాం. ఆ ఇద్దరూ వీధి మలుపుదాకా వెనకే వచ్చి, కావలసినంత వీడియో తీసుకుని పోయారు.

మేము ఇల్లు చేరేసరికి సైటులో పిన్ని ఫోటో వచ్చేసింది, భుజాన ఆ చిన్న సంచితో, పక్కన నాతో సహా. ఇంకో సంచి దొంగ అట. ఆవిడ ఫోన్లోనూ కనిపించింది, నా ఫోన్లోనూ కనిపించింది. వాషింగ్ మెషీన్ దగ్గరికెళ్లి పాచి కళ్లద్దాలు తెచ్చిచ్చాను.

"వద్దులేవే. అందులో ఉన్నవి మన మొహాలేగా" అంది పిన్ని. పెట్టుకున్న వాటితోనే పేజీ కిందదాకా చదివింది, ఒక్కరైనా తప్పని అన్నారేమోనని.