ఎడమ గొట్టం

ఇన్నేళ్లుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఇది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మీరు పోయి ఎవరికైనా చెబుతారేమోనన్న అనుమానం లేకపోలేదు. ఉండనీ.

మా అక్కాబావలది రామకుప్పం దగ్గర సేద్యం. అడవి పందుల బెడదకు బావ దగ్గర లైసెన్సు తుపాకి ఉండేది. వాళ్ల తాతది. రెండు గొట్టాలు. మూతిలోంచి మందు పోసి, సీసపు రవ్వలు దట్టించి పేల్చాలి. రవ్వలు కొంతదూరం పోగానే చెదిరిపోయేవి. గట్టు దాటితే ఆ తుపాకికి పిట్ట కూడా భయపడదని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. బావ నవ్వేసేవాడు. నాకే నామోషీ.

ఒకసారి ట్రిగ్గరు బాగుచేయించుకు రమ్మని నన్ను మదనపల్లెకు పంపాడు. అక్కడ ఇనుము చెక్కే లేతు మిషనాయన చేత ఎడమ గొట్టం మూతి లోపల పని చేయించాను, రవ్వలు దూరం దాకా గుంపుగా పోయేలా. కుడిది దగ్గరికి, ఎడమది దూరానికి. ఎంత తెలివో నాకు! తాత తుపాకి ముట్టానని తెలిస్తే బావ తోలు తీస్తాడు. అందుకే చెప్పలేదు. ఆయన ఎప్పుడూ కుడిదే పేలుస్తాడు కదా, ఎడమది నేను వాడుకుందామనుకున్నాను.

ఒక సాయంత్రం పందులు చేలో పడ్డాయి. నేను బావ పక్కనే ఉన్నాను. కుడిది తుస్సుమంది. ఆయన ఎడమది నొక్కాడు. గట్టు అవతల టమాటా కోస్తున్న పక్క చేను రైతు అప్పుడే పైకి లేచాడు. రవ్వలన్నీ ముఖాన ఒకే చోట దిగాయి. కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయినా కన్ను దక్కలేదు.

ఆ గట్టు గురించే బావకూ ఆ రైతుకూ ముందునుంచీ తగవు. ఇంకేముంది? ఆ తుపాకి రవ్వలు అంత దగ్గర దగ్గరగా తగిలాయంటే బావ గట్టు దాటి, ఎదురుగా నిలబడి కాల్చాడని ఊళ్లో అన్నారు. పోలీసులూ అదే అన్నారు. గొట్టం లోపల ఏముందో చూసినవాడు ఒక్కడూ లేడు.

స్టేషను బయట బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా పక్కనే ఉంటివి గదప్పా. నేను గట్టు దాటినానా? ఆళ్లకి సెప్పు."

"నేను కావలి గుడిసెలో ఉంటి బావా. సూడలే." దాటలేదంటే గొట్టం లోపల వెతుకుతారని నా భయం.

ఆయన జైలుకు పోయి వచ్చాడు. నేను పుంగనూరులో కాపురం పెట్టాను. మదనపల్లె పోతే ఆ వీధి తప్పించి నడుస్తాను. లేతాయన ఎక్కడైనా కనబడి నవ్వితే, ఎందుకు నవ్వాడు? పండక్కి బావ రమ్మంటే, ఎందుకు రమ్మన్నాడు? తెలిసిపోయిందా? తెలిసే ఊరుకున్నాడా? లేక నా పాపమే నాకిట్లా కనబడుతోందా?

మొన్న అక్క ఫోనులో ఏడ్చింది. బావ ఇప్పుడు తనను తానే అనుమానించుకుంటున్నాడట. "కోపంలో దాటినానేమో, నాకే గుర్తులేదేమో" అంటున్నాడట.

ఛీ, నా బతుకు! ఆయన ముందు నోరు పెగలదు. అందుకే మీకు చెబుతున్నాను. బావ గట్టు దాటలేదు. నేను చూశాను.