కుక్కకు చల్లని జాగ

నా చిన్నప్పుడు బొగ్గుగనుల కాడి బాబుపేట్‌లో ఉండేవాళ్లం. ఎండాకాలం పొద్దు గూకంగనే మా మంచాలన్నీ వాకిట్లకు వచ్చేవి. పగలంతా కాలిన నేల తెల్లారేదాకా పెనం తీరుగ వేడిగనే ఉండేది. మా బాపు బొగ్గుగనిల పనిచేసేటోడు. డ్యూటీకని తెల్లవారుజామున లేచి మంచం దిగి ఆయన మొదటి అడుగు ఎక్కడ వేస్తడో, మా కుక్క సరిగ్గ అక్కడే దొడ్డికి పోయేది.

కుక్కను తెచ్చింది నేను, కాబట్టి ఎత్తిపోసే పని నాది. ఐదో తరగతిల బడి నన్ను, నేను బడిని వదిలేసుకున్నం గనుక తీరికకు కొదవ లేదు. రోజూ పొద్దున రేకుముక్కతోని ఎత్తి పారేసేటోణ్ణి. ఈగలు నాకంటే ముందే హాజరయ్యేవి. సాయంత్రం మంచాలు వేసే ముందు, వాసన పోవాలని అదే చోట రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి చీపురుతో రుద్దేటోణ్ణి. నేల సుయ్యిమనేది, వాసన ఇంకింత లేచేది. తెల్లారి చూస్తే మళ్లీ అక్కడే. ఇంత వాకిట్ల దీనికి ఇంకో చోటు ఎందుకు కనవడదో నా బుర్రకు ఎక్కలేదు. మేం కాకు అని పిలిచే పక్కింటి మరాఠీ పిన్ని, ఆ వాసన కుక్కకు పడదని నిమ్మచెక్క పెట్టి చూడమన్నది. కుక్క దాన్ని మూతితో పక్కకు జరిపి, తన పని తాను చూసుకున్నది.

మా బాపు మూడోసారి తొక్కిన రోజు అమ్మ తీర్పు చెప్పింది. "రేపు గిట్ల మళ్ల ఈడ పెంట కనవడ్డదా, కుక్కను బొగ్గు లారీ ఎక్కించి అంత దూరం వరోర ఊర్ల దించి వస్తడు మీ బాపు." నేను ఏడుసుకుంట రేకుముక్క తీసిన.

గని పని మానుకొని ఇంటిపట్టునే ఉంటున్న మా తాత అన్నిరోజులూ మంచంల పండుకొని నా అవస్థ చూస్తనే ఉన్నడు. ఆ పూట లేచి రేకు గుంజుకున్నడు. "ఇయ్యాల నువ్వేం చెయ్యకు. కూసో" అన్నడు. బొగ్గుపొయ్యిల చల్లారిన బూడిద తెచ్చి మందంగ చల్లి, అంతా పొడిగ గోకి ఎత్తిండు. అక్కడిదాకా బాగనే ఉన్నది. దూరంగ గోడమూలకు గుంత తవ్వి పూడ్చిండు, అదీ బాగనే ఉన్నది. కానీ ఒక ముక్కను మాత్రం పూడ్చకుండ, గుంత పక్కన దిష్టిబొమ్మ లెక్క నిలవెట్టిండు. సాయంత్రం నా రెండు బకెట్ల నీళ్లూ తీసుకపోయి ఆ మూలనే చుట్టూ చల్లి వచ్చిండు. మంచాల కాడ చుక్క పోయనియ్యలేదు.

నాకు తల తిరిగింది. శుభ్రం చేయాల్సిన మనిషి మురికిని జాగర్తగ దాచిపెడుతుండేంది? అమ్మతోని కలిసి కుక్కను సాగనంపే ఉపాయమా?

తెల్లారకముందే లేచి మోకాళ్లు పట్టుకొని కూసున్న. కుక్క లేచి ఒళ్లు విరుచుకున్నది. తిన్నగ బాపు మంచం దాకా వచ్చింది. నేల మీద మిగిలిన బూడిదను వాసన చూసి తుమ్మింది. వాకిలంతా ఓ చుట్టు తిరిగి, గోడమూల తడినేల మీదికి పోయి అక్కడ దొడ్డికి కూసున్నది. బాపు లేచి, చూసుకుంట చూసుకుంట నాలుగడుగులు వేసి, పనికి పోయిండు. లారీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తాతను అడిగితే, "దానికి ఉక్కపొయ్యదా? సల్లగ ఉండి, తన వాసన తగిలే జాగ దేవులాడుతది. నువ్వు రోజూ బాపు మంచం కాడ సల్లగ చేసి పెట్టి, దాన్నే తిట్టవడ్తివి" అన్నడు.

మరి అన్నిరోజులు చూసుకుంట ఎందుకు ఊకున్నవే అంటే మాత్రం మళ్లీ మంచంల ఒరిగి అటు తిరిగి పండుకున్నడు. నా అంతట నేనే కనుక్కోవాలనా, మంచం దిగబుద్ధి కాకనా, నాకు ఇప్పటికీ తేలలేదు. నా మటుకు నాకు ఒక అలవాటు మిగిలింది. ఏ పనైనా చేసినకొద్దీ అదే తప్పు మళ్లీ మళ్లీ మొలుస్తుంటే, ఇంకింత గట్టిగ చేయడం మానేసి, నేనే దానికి నీళ్లు పోస్తున్ననా అని ఓ పూట చేతులు కట్టుకొని చూస్త. మా ఇంటామె దాన్ని సోమరితనం అంటది. కొన్నిసార్లు ఆమె మాటే నిజమేమో. ఏది చూసుడో, ఏది తప్పించుకునుడో, ఇంత వయసొచ్చినా నాకు సరిగ్గ తెలుస్తలేదు.